ఘుముసర యుద్ధము: చీలిన సంస్థానము, కొనబడిన మనుష్యులు

గత విద్యాసంవత్సరమున పై తరగతివారికి అమెరికా అంతర్యుద్ధమును బోధించుచుండగా ఒక బాలిక లేచి, “మాస్టారూ, మన దగ్గర కూడా మనుషుల్ని కొనేవారా? దానికోసం ఇక్కడెవరైనా యుద్ధం చేశారా?” అని అడిగినది. పాఠ్యపుస్తకములో ఆ ప్రశ్నకు సమాధానము లేదు. రేపు చెప్పెదనని ఆనాటికి తప్పించుకొంటిని గాని, మరునాడు చెప్పినది నాకే తృప్తి కలిగింపలేదు. అందువలన ఈ వ్యాసము. పిల్లలు ఇంటికి తెచ్చిన ఈ సంచికను మొదట చదువువారు తలిదండ్రులే కనుక వారినే ఉద్దేశించి వ్రాయుచున్నాను.

ఆ బాలిక ప్రశ్నకు సమాధానము దూరదేశములలో వెదకనక్కరలేదు. మన బరంపురమునుండి బస్సులో రెండు మూడు గంటల ప్రయాణమున భంజనగర్ చేరవచ్చును. మన తాతల నోట ఆ ఊరి పేరు రసెల్‌కొండ. సగము ఇంగ్లీషు, సగము తెలుగు అయిన ఆ వింత పేరు ఒక యుద్ధమువలన వచ్చినది. 1836లో మద్రాసు ప్రభుత్వము ఆ యుద్ధము నడపుటకు పంపిన జార్జి ఎడ్వర్డు రసెల్ అను ఉన్నతోద్యోగి పేరది. నేడు ఊరి పేరు మాఱి, ఘుముసర రాజవంశమునకు చెందిన కవి ఉపేంద్ర భంజుని పేర వెలయుచున్నది. ఒకే ఊరికి ఓడిన వంశము పేరును, గెలిచిన అధికారి పేరును వంతులవారీగా తగిలినవి. ఈ రెండు పేర్ల నడుమ జరిగినదే మన కథ.

ముందుగా ఆ దేశపు అమరికను గ్రహింపవలెను. క్రింద ఋషికుల్యానది నీటితో పండు వరిపొలములు, ఒడియా పల్లెలు, భంజరాజుల కోట. పైన కనుమలు దాటిన పిదప మన్నెము. దానినే ఒడియావారును ఇంగ్లీషువారును మాలియాలనిరి. అక్కడ నివసించువారిని ఒడియావారు కంధలనియు, మనవారు కోదులనియు వ్యవహరింతురు. వారి భాష కుయి. ఇది మన తెలుగువలెనే ద్రావిడ కుటుంబమునకు చెందిన భాష యనుట మనలో పలువురు ఎరుగరు. వంద మైళ్ల దూరములోని మన చుట్టపు భాషను మనము ఎన్నడును చెవియొగ్గి వినలేదు.

కోదులకు రాజుతో నుండిన సంబంధము జమీందారునకు రైతుతో నుండు సంబంధము వంటిది కాదు. వారు పన్ను కట్టెడి ప్రజలు కారు. రాజు పట్టాభిషేకమునకు వచ్చెదరు, కానుకలు తెచ్చెదరు, ఆపదలో విల్లును గండ్రగొడ్డలిని పట్టి నిలిచెదరు. రాజు వారికి తలపాగాలు, బట్టలు, మర్యాదలు ఇచ్చును. ఈ రెండు లోకములకు నడుమ వారధిగా బిసోయి అను పెద్దలుండిరి. కనుమలకు కాపు వారిదే, రాజు మాట కొండకు చేర్చుటయు వారి పనియే. ఇట్టి బంధము కాగితముమీద నుండదు, మనుష్యుని మీద నుండును. ఆ మనుష్యుడు మాఱిన బంధమే తెగును. కంపెనీవారికి అర్థముకాని సంగతి ఇదియే.

ఇక మెరియా మాట. దీనిని చెప్పుటకు మనస్సు ఒప్పకున్నను చెప్పక తప్పదు.

కోదులలో కొన్ని తెగలవారు భూదేవతను తారి పెన్ను అని కొలిచెడివారు. ఆ దేవతకు మనుష్యరక్తమర్పించినగాని పంట పండదనియు, ముఖ్యముగా పసుపునకు చిక్కని రంగు రాదనియు నమ్మిరి. అర్పింపబడు మనుష్యుడు మెరియా. ఆ బలికి ఒక కఠిన నియమము కలదు: మెరియాను వెలయిచ్చి కొనవలెను. యుద్ధములో చిక్కినవాడు పనికిరాడు, ఊరక వచ్చినవాడు పనికిరాడు. వెల చెల్లినగాని దేవత అంగీకరింపదు. ఆ వెలను పశువులలోను, ఇత్తడి పాత్రలలోను, బట్టలలోను చెల్లించెడివారు.

కొన్నవెంటనే చంపుట లేదు. మెరియా పిల్లవాడు ఆ ఊరిలోనే ఏండ్ల తరబడి పెరుగును. పిల్లలతో ఆడుకొనును, ఏ ఇంటికి పోయినను అన్నము పెట్టుదురు. పెద్దవాడైన పిదప అతనికి వివాహము చేసి, పొలమును పశువులను ఇచ్చుటయు గలదు. అతనికి పుట్టిన బిడ్డలును మెరియాలే. ఒకనాడు ఊరు అతనిని అడుగును, అంతియే. సంకెల లేదు, కొరడా లేదు. అమెరికాలో ప్రత్తితోటల బానిసకు తాను బానిసనని ప్రతి ప్రొద్దు తెలిసెడిది. ఇక్కడి మెరియా ప్రేమగా పెంచబడుచునే అమ్ముడుపోయిన మనిషి. ఈ రెంటిలో ఏది ఎక్కువ క్రూరమని పిల్లలు నన్నడిగిరి. నేను జవాబు చెప్పలేకపోయితిని.

మెరియాలు కాక పోష్యపువా అనబడు వారు వేఱుగా నుండిరి. పెంపుడుకొడుకు అని ఆ మాటకర్థము. వీరు కొనబడి ఇంటి చాకిరికిని పొలము పనికిని కట్టుబడినవారు. వీరిని బలికి ఉద్దేశింపకున్నను, ఏ క్షణమున ఏది జరుగునో చెప్పలేని స్థితి వారిది. అందువలన మెరియా ఆచారమును కేవలము మతసంబంధమైన మూఢత్వమని త్రోసివేయరాదు. దాని క్రింద మనుష్యులను కొని అమ్ము ఒక వ్యాపారము నిత్యము సాగుచుండెను.

ఈ పిల్లలు ఎచటినుండి వచ్చిరి? చాలమంది మన మైదానపు పల్లెలనుండియే. గంజాం, విశాఖపట్టణము జిల్లాల క్రింది గ్రామములలో కొందరు బిడ్డలు దొంగిలింపబడిరి, కొందరు కరవుకాలమున తమ వారిచేతనే అమ్మబడిరి. కొండకును మైదానమునకును మధ్య బట్టలు, ఉప్పు, పాత్రలు మోసి బ్రతుకు కొన్ని కులములవారు ఈ బేరమునకు మధ్యవర్తులైరి. ఇంగ్లీషువారి గ్రంథములు నేరమంతయు ఆ కులములపై మోపినవి, తరువాతివారు దానినే వల్లించిరి. ఇది నాకు న్యాయముగా తోచదు. కొన్నది కొండ, అమ్మినది ఆకలి, చూచియు చూడనట్లుండినది కచేరి. నడుమ మోసినవానిని మాత్రమే దోషిగా నిలుపుట చరిత్ర కాదు.

ఇట్టి వ్యాపారము తరతరములుగా సాగుచుండగా దానిమీద ఎవరును యుద్ధము చేయలేదు. యుద్ధము వేఱొక వైపునుండి వచ్చినది.

1766లో నిజాముతో కుదిరిన ఒడంబడిక వలన ఉత్తర సర్కారులు కంపెనీ వశమైనవి. గంజాం అందులో చివరి కొస. 19వ శతాబ్ది మొదట్లో శాశ్వత పరిష్కారమను పేర ప్రతి జమీందారీకి కట్టవలసిన పేష్కషు స్థిరపడినది. వర్షము కురిసినను కురియకున్నను ఆ మొత్తము చెల్లింపవలెను. ఘుముసర భంజులకు ఈ లెక్క ఎన్నడును సరిపడలేదు. పైగా ఇంటిలో చీలిక. తండ్రి శ్రీకర భంజుడు, కుమారుడు ధనంజయ భంజుడు. వీరిద్దరిలో ఒకరు గద్దెనెక్కుట, దిగుట, రెండవవారిని కంపెనీ పిలిచి కూర్చుండబెట్టుట, మరల అతనిని దింపుట మూడు దశాబ్దములకు పైగా సాగినది. ధనంజయుడు తిరుగబడెను, పట్టుబడెను, నిర్బంధింపబడెను. వృద్ధుడైన తండ్రిని మరల తెచ్చిరి. అతడు నిర్వహింపలేక తప్పుకొనగా మరల కుమారునికే సంస్థానమును అప్పగించిరి. తండ్రి మనుష్యులు, కొడుకు మనుష్యులు అని పాయికులు చీలిరి, బిసోయిలు చీలిరి. ఒక బిసోయికి ఒక రాజు కాలమున పదవి వచ్చును, మఱొక రాజు వచ్చినంతనే ఊడును.

ఏ దేశముననైనను ఇంటి తగవులో పరాయివాడు మధ్యవర్తిగా వచ్చినచో, ఆ తగవు తీరుటకంటె నిలిచియుండుటయే అతనికి లాభము. ఘుముసరలో కంపెనీ బుద్ధిపూర్వకముగానే ఇట్లు చేసినదని నేననను. వారికి కావలసినది పేష్కషు. ఎవరు కట్టిన వారే రాజు. కాని కొండమీదివారికి రాజనగా బకాయి కట్టువాడు కాడు. ఈ భేదమే పిదప రక్తమునకు దారితీసినది.

1835లో ధనంజయ భంజుని బకాయిలు పెరిగిపోయినవి. కంపెనీ జమీందారీని స్వాధీనము చేసికొనుటకు సైన్యమును పంపినది. అతడు కుటుంబముతో కనుమలనెక్కి కోదులను శరణుజొచ్చెను. ఆ సంవత్సరాంతముననే అక్కడ మరణించెను. చనిపోవుటకు ముందు తన కుటుంబమును శత్రువులకు అప్పగింపవలదని కోదులచేత మాట తీసికొనెను. అతనికి వారు బాకీపడినది ఇక ఆ మాట యొక్కటియే.

1836 ఆరంభమున సైన్యము ఉదయగిరి ప్రాంతమునకు ఎక్కి రాజకుటుంబములోని కొందరిని పట్టుకొని క్రిందికి దింపుచుండెను. కనుమలో కోదులు పైబడిరి. ఇద్దరు ఇంగ్లీషు సైనికాధికారులు, వారి వెంటనున్న సిపాయీలు హతులైరి. అంతటితో వసూలు వ్యవహారము యుద్ధముగా మాఱినది. మద్రాసు రెవిన్యూ బోర్డు సభ్యుడైన రసెల్ సర్వాధికారములతో వచ్చెను. సైనికశాసనము ప్రకటింపబడెను. కొండపల్లెలు తగులబడినవి. గాదెలలోని ధాన్యము మండినది. పట్టుబడిన పెద్దలలో పెక్కురిని ఉరితీసిరి. వర్షకాలమున చలిజ్వరమునకు సైన్యము తాళలేక దిగివచ్చి, చలికాలమున మరల ఎక్కినది. 1837లో గాని ఆ పోరాటము అణగలేదు.

కోదులకు నాయకుడు దొర బిసోయి. అతని పట్టి ఇచ్చినవారికి 5,000 రూపాయల బహుమానము ప్రకటింపబడినది. చివరకు అతడు అంగుల్ వైపు ఆశ్రయముకొఱకు వెళ్లి అక్కడ చిక్కెను. అతనిని మన రాయలసీమలోని గుత్తి దుర్గమునకు రాజకీయఖైదీగా పంపిరి. మన్నెపు పచ్చనికొండలలో పుట్టినవాడు ఆ ఎండిన రాతిదుర్గముపై బందీగానే కన్నుమూసెను. గుత్తికోటను చూడబోవు మన తెలుగు యాత్రికులకు ఆ సంగతి చెప్పువారుందురో లేదో. అతని పదవిని కంపెనీ శామ బిసోయికి ఇచ్చెను. ఇతడు దొర బిసోయికి ప్రత్యర్థి.

దీనిని అంతర్యుద్ధమనవచ్చునా యని ఎవరైన ప్రశ్నింపవచ్చును. ఇంగ్లీషువారి దృష్టిలో ఇది తిరుగుబాటు, నేటి ఒడిశా చరిత్రకారుల దృష్టిలో ఇది స్వాతంత్ర్యపోరాటపు తొలిదశ. రెంటిలోను నిజము కలదు. కాని కనుమకు ఇరువైపుల నిలిచినవారెవరో చూడుడు. ఒకవైపు కోదులు, వారితో చేరిన పాయికులు. రెండవవైపు ఇంగ్లీషు అధికారులు కొలదిమందియే, తక్కినవారు మద్రాసు పటాలముల సిపాయీలు. ఆ పటాలములలో మన సర్కారుజిల్లాల తెలుగువారనేకులుండిరి. ఒక బిసోయి కొండలలో దాగియుండగా మఱొక బిసోయి కంపెనీ డేరాలో కూర్చుండెను. చంపినవారును చచ్చినవారును అధికభాగము ఈ నేలవారే.

ఈ యుద్ధము జరుగుచుండగనే, కొండలెక్కిన అధికారులకు మెరియా ఆచారము వివరముగా తెలియవచ్చినది. 1836లో రసెల్ వ్రాసిన నివేదికలో ఆ ప్రస్తావన కలదు. ఇక్కడ తేదీల వరుసను పిల్లలచేత జాగ్రత్తగా చదివింపవలెనని నా మనవి. బకాయి ముందు, సైన్యము తరువాత, మెరియా ఆ పిమ్మట. నరబలిని మాన్పుటకు సైన్యము కొండలెక్కలేదు. కొండలెక్కిన సైన్యమునకు నరబలి కనబడినది. అయినను మఱి కొన్నియేండ్లకు గ్రంథములలో ఈ దండయాత్రయంతయు దయతో చేసినదన్నట్లు కథ తిరిగినది. ఫీలిక్స్ పాడెల్ అను మానవశాస్త్రజ్ఞుడు 1995లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమునే తర్కించి, నరబలిని మాన్పుచున్నామను పేరుతో కంపెనీ పాలనయే ఎందఱిని బలిగొన్నదో చూపించెను. అతడు చెప్పినదంతయు నేనంగీకరింపను. మెరియాల ప్రాణములు దక్కుట చిన్నవిషయము కాదు. కాని అతడు లెక్క అడిగిన తీరు సరియైనది.

ఇప్పుడు మా తరగతిలోని అమెరికాకు మరల వత్తము. అక్కడ బానిసత్వము యుద్ధమునకు మూలమనుటలో సందేహము లేదు. 1860 నాటికి దక్షిణరాష్ట్రములలో సుమారు 40 లక్షల మంది బానిసలుండిరి. పడమట క్రొత్తగా ఏర్పడు రాష్ట్రములలో బానిసలనుంచవచ్చునా కూడదా యని 1820 నుండి రాజీలు కుదురుచు, చెడుచు వచ్చినవి. 1857లో అక్కడి ఉన్నతన్యాయస్థానము డ్రెడ్ స్కాట్ వ్యవహారమున నల్లజాతివారు పౌరులు కాజాలరని తీర్పు చెప్పినది. 1860లో లింకన్ ఎన్నికయైనంతనే దక్షిణరాష్ట్రములు ఒక్కొక్కటిగా విడిపోయినవి. 1861 ఏప్రిల్‌లో సమ్టర్ కోటపై ఫిరంగులు పేలినవి. అయినను లింకన్ తొలుత చెప్పినది బానిసల విముక్తి కాదు, దేశైక్యము. 1862లో ఒక పత్రికాసంపాదకునకు వ్రాసిన లేఖలోను తన ప్రధానోద్దేశము ఐక్యతను కాపాడుటయే యనెను. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన వెలువడిన పిమ్మటనే యుద్ధముయొక్క ఉద్దేశము బహిరంగముగా మాఱినది. 1865లో యుద్ధము ముగియునప్పటికి ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించిరి.

పోలిక ఇంతవరకే. అక్కడ బానిసత్వము చీలికను పుట్టించినది, చీలిక యుద్ధమును పుట్టించినది. ఇక్కడ చీలిక యుద్ధమును పుట్టించగా, ఆ యుద్ధము మనుష్యులను కొను ఆచారమును బయటపెట్టినది, దానిని మాన్పబోవుట మఱియొక యుద్ధమును పుట్టించినది. ఆ రెండవ యుద్ధమును గూర్చి మన పుస్తకములు వ్రాయుట అరుదు.

1845లో 21వ శాసనము ప్రకారము మెరియా ఏజెన్సీ ఏర్పడినది. శామ్యూల్ చార్టర్స్ మాక్ఫెర్సన్ మొదటి ఏజెంటు. ఇతడు పండితుడు, కోదుల దేవతలను గూర్చి విపులముగా వ్రాసినవాడు. న్యాయవిచారణ చేసి వారి తగవులు తీర్చినచో వారే బలిని విడుతురని అతని నమ్మిక. 1846లో బిసిపరాలో సుమారు 170 మంది మెరియాలను అతడు స్వాధీనపఱచుకొనగా, కోదులు వేలుగా వచ్చి అతని డేరాలను చుట్టుముట్టిరి. తమ సొమ్ము తమకిమ్మనిరి. అతడు మెరియాలను వారి పెద్దలకు తిరిగి అప్పగింపవలసి వచ్చెను. ఆ మాటయే వ్యాపించి కొండలు మరల రగిలినవి. దొర బిసోయి అన్నకొడుకు చక్ర బిసోయి, భంజవంశీయుడని చెప్పబడు ఒక బాలుని ముందుంచుకొని పోరుసల్పెను. చూచితిరా, చీలిన సంస్థానము మరల తల యెత్తినది. వెల చెల్లించి కొన్నదానిని ఊరక తీసికొందురా యను కోపమును, మా రాజును మాకిమ్మను కోరికయు ఒకే విల్లున రెండు బాణములైనవి. చక్ర బిసోయి దాదాపు పదేండ్లు ఆ కొండనుండి ఈ కొండకు తిరుగుచు ఎవరికిని చిక్కలేదు.

ఇంతలో ఇంగ్లీషువారిలోనే చీలిక. జనరల్ డైస్ అను సేనాధిపతి మాక్ఫెర్సన్‌పై నేరారోపణలు చేయగా అతనిని తొలగించిరి. విచారణలో అతడు నిర్దోషిగా తేలెను గాని, ఆ పదవి అప్పటికే జాన్ కాంప్‌బెల్ చేతిలో నుండెను. ఇతనిది వేఱు పద్ధతి: బలముతో వెళ్లుట, మెరియాలను వెలుపలికి తెచ్చుట, పెద్దలచేత ప్రమాణము చేయించుట. 1837 నుండి 1854 వరకు మొత్తము 1,506 మంది మెరియాలు విడిపింపబడినట్లు లెక్క. తరువాత కాంప్‌బెల్ 1864లో తన పుస్తకమును ప్రకటింపగా, మాక్ఫెర్సన్ సోదరుడు 1865లో మఱొక పుస్తకమును ప్రకటించెను. కీర్తి ఎవరిదను తగవు ఆ రెండింటను పుటలకొలది సాగును. 1,506 మందిలో ఒక్కరు వ్రాసిన పుస్తకము మాత్రము లేదు. ఏజెన్సీని 1861లో ఎత్తివేసిరి. అమెరికాలో యుద్ధమారంభమైన సంవత్సరమే అది.

విడిపింపబడినవారు ఏమైరి? పెద్దవారిలో కొందఱికి మైదానమున భూమియిచ్చి నివాసమేర్పఱచిరి. యువతులకు పెండ్లిండ్లు చేసిరి. కొందరు కొలువులలో చేరిరి. పిల్లలలో పలువురిని బరంపురము, కటకములలోని బాప్టిస్టు మిషనరీల బడులకు అప్పగించిరి. అవును, మన బరంపురమునకే. మన పిల్లలు నేడు సైకిళ్లపై తిరుగు ఈ ఊరి వీధులలోనే, ఒకప్పుడు వెలకు కొనబడి వెలలేకుండ విడిపింపబడిన పిల్లలు పలకలు పట్టుకొని నడచిరి.

తలిదండ్రులు ఒక్క నిమిషము దీనిని ఊహింపుడు. పసితనముననే ఎత్తుకొనిపోబడిన బిడ్డకు తన ఊరేదో, తల్లి యెవరో తెలియదు. పుట్టినది ఏ ఒడియా పల్లెయో, తెలుగు పల్లెయో. పెరిగినది కుయి భాషలో. ఆటలాడినది, అలిగినది, అన్నమడిగినది ఆ భాషలో. విడిపించి క్రిందికి తెచ్చినవారు ఇంగ్లీషువారు, చుట్టునున్నవారు ఒడియా, తెలుగు మాటలాడువారు. బడిలో మరల క్రొత్త భాష, క్రొత్త పేరు, క్రొత్త దేవుడు. ప్రాణము దక్కినది, నిజమే. ఆ ప్రాణమునకు మాట ఏది? మాతృభాషలో చదువు చెప్పించుకొనుటకై దరఖాస్తులు పెట్టి, ఉపాధ్యాయులకై తిరిగి, ఈ పాఠశాలను నిలుపుకొన్న మనకు ఆ లోటు ఎట్టిదో ఎవరును బోధింపనక్కరలేదు.

భాషవలన జరిగిన మేలును కూడ చెప్పవలెను. మెరియా ఏజెన్సీలో పనిచేసిన ఫ్రై అను అధికారి కుయి నేర్చి, ఒడియా లిపిలో ఆ భాషకు పాఠములు కూర్చెను. ఆ తరువాతి కాలమున గంజాం ఏజెన్సీలో అనువాదకుడుగా నుండిన లింగం లక్ష్మాజీ కుయి భాషకు ఇంగ్లీషులో వ్యాకరణమును వ్రాసెను. పేరునుబట్టి ఇతడు మనవాడని తోచును. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి వారికి బడులు పెట్టిన విషయము మన పిల్లలకు తెలిసినదే. ఆయనకు ముందే ఈ జిల్లాలో ఆ దారిని నడచిన తెలుగువాడొకడు కలడని వారికి చెప్పవచ్చును. రెండు యుద్ధములలో పై అధికారులు కొండవారితో నేరుగా ఒక్క వాక్యము మాటలాడలేకపోయిరి. అన్నియు దుబాసీల నోటిగుండ నడచినవి. దుబాసీ భయపడినచో ఒక అర్థము, లంచము తిన్నచో మఱొక అర్థము. కుయి తెలిసినవాడొకడు 1835లోనే కనుమల మొదట నిలిచియున్నచో, చనిపోవుచున్న రాజునకు కోదులిచ్చిన మాటయొక్క బరువు కచేరికి కొంతయైనను తెలిసెడిది.

శాసనముల మాట క్లుప్తముగా చెప్పెదను. హిందూదేశమున బానిసత్వమును గూర్చి 1843లో వచ్చిన 5వ శాసనము, బానిసపై యజమానికి గల హక్కును న్యాయస్థానములు గుర్తింపవని మాత్రమే చెప్పినది. 1862లో అమలులోనికి వచ్చిన శిక్షాస్మృతి మనుష్యులను బానిసలుగా కొనుట, అమ్ముట నేరమన్నది. కాని మన్నెములో అప్పుకై మనిషి కట్టుబడు గోతి పద్ధతి మఱి ఎనుబది తొంబది యేండ్లు నిలిచినది. కోరాపుట్ వైపు వెళ్లివచ్చిన మన వర్తకులకు ఆ మాట పరిచితమే. తండ్రి పెండ్లికై తెచ్చిన ఇరువది రూపాయలకు కొడుకు చాకిరి చేసెడి పద్ధతి అది. ఒడిశా ప్రభుత్వము 1948లో దానిని నిషేధించుచు ప్రత్యేక నిబంధన చేసినది. దేశమంతటికి వెట్టిచాకిరి నిర్మూలన శాసనము వచ్చినది 1976లో. మెరియాను విడిపింప సైన్యము కొండలెక్కినది గాని, గోతిని విడిపింప ఒక్క సిపాయియు ఎక్కలేదు. గోతివలన లాభము పొందినవారిలో మైదానపు షాహుకార్లు కూడ నుండిరి. వారిలో మన భాష మాటలాడువారు లేరని నేను చెప్పలేను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం మద్రాసునుండి విడివడినది. ఘుముసర కనుమల పై భాగము ఇప్పుడు కంధమాల్ జిల్లా. అక్కడి పసుపునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గట్టి పసుపు మన బరంపురము బజారులోను అమ్ముదురు, మన ఇండ్లలోను వాడుదుము.

ఈ వ్యాసమునకు కారణమైన బాలికకు ఇదంతయు చెప్పినపుడు ఆమె చివరకు అడిగినది ఒక్కటే: “మరి ఆ బలి స్తంభం ఇప్పుడెక్కడుంది?” బల్లిగూడనుండి తెచ్చిన ఒక మెరియా కంబము మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది. పాత కొయ్య. వచ్చు సెలవులలో చెన్నైకి పోవు తలిదండ్రులెవరైన ఉన్నచో, ఎగ్మూరులో దిగి మ్యూజియమున ఆ కంబమును గూర్చి విచారించి, తమ పిల్లలతోపాటు దాని ముందు కొంతసేపు నిలువగోరుచున్నాను.